గల్లీ నడుమ పడుగు

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మీరు పుట్టింది సూరత్‌లో. బడిలో గుజరాతీ, ఆటలో హిందీ, ఆకలేసినప్పుడు మాత్రం తెలుగు. మన గల్లీ ఇప్పుడు మీరు క్రికెట్ ఆడేంత వెడల్పుగా ఉంది కాబట్టి ఎప్పుడూ ఇలాగే ఉండేదని మీరు అనుకుంటారు. అలా అనుకుని పెరగకూడదని చెబుతున్నాను. తెలిసింది తెలిసినట్టు చెబుతాను, తెలియని చోట తెలియదంటాను. తింటూ వినండి, అన్నం చల్లారనివ్వకండి.

సూరత్‌లోని ఈ వడోద్ పేటలో మన గల్లీకి రెండు వరసల ఇళ్లు. రోడ్డు వైపు నుంచి లోపలికి వస్తే ఎడమచేతి వరస గొడుగు పార్టీది, కుడిచేతి వరస నిచ్చెన పార్టీది. ఈ పంపకం ఎవరు చేశారో తెలియదు. సిరిసిల్ల వైపు ఊరి నుంచి కొత్తగా వచ్చి గది అద్దెకు తీసుకున్నవాడికి ఫ్యానూ బల్బూ వచ్చినట్టే పార్టీ కూడా గదితో పాటు వచ్చేది. ఎడమ వరసకు పెద్దమనిషి నరహరి, కుడి వరసకు ఆగయ్య. నరహరి అక్కను ఆగయ్యకే ఇచ్చారు. ఇద్దరూ ఒకే బండి దగ్గర ఒకే చాయ్‌ను సగం సగం తాగేవారు, సాయంత్రమైతే మైకుల్లో ఒకరినొకరు తిట్టుకునేవారు.

పొద్దున నల్లా నీళ్లు వచ్చే వేళకు గల్లీ లేచేది. రాత్రి పాళీ పని ముగించుకున్న వాళ్లు చెవుల్లోని దూది తీసేస్తూ వచ్చేవారు, పగటి పాళీ వాళ్లు టిఫిన్ డబ్బాతో వెళ్లేవారు. ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని చీరలకు రాళ్లు అంటించేవారు, వేలాడే దారాలు కత్తిరించేవారు. ప్రతి ఇంట్లోనూ చిన్న కత్తెర ఒకటి, తాడు కట్టి ఎవరో ఒకరి మెడలో వేలాడుతూ ఉండేది. గల్లీ చివరి సేఠ్ కార్ఖానాలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, పగలూ రాత్రీ కొట్టుకుంటూనే ఉండేవి. ఆ చప్పుడు ఆగితేనే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు.

ఆ కార్ఖానాకు బీములు చేరవేసే పని ముత్యానిది. బీము అంటే ఏమిటో చెప్పాలి. సాంచ మీద గుడ్డ నేయాలంటే ముందు నిలువు పోగులు కావాలి, వాటినే పడుగు అంటారు. లెక్కలేనన్ని పోగుల పడుగును మనిషంత పొడవున్న ఇనుప గొట్టానికి చుడితే అది బీము. అవతలి పేట భేస్తాన్‌లో చుట్టిన బీములు టెంపోలో రోడ్డు దాకా వచ్చేవి. అక్కడి నుంచి ముత్యం వాటిని తన ఠేలా, అంటే తోపుడుబండి, మీద గల్లీ పొడవునా నిలువుగా పెట్టుకుని గల్లీలోంచి తోసుకెళ్లేవాడు. కార్ఖానా గుమ్మం ఎత్తు మీద ఉంటుంది, బండిని ముందుకు తోస్తే ఎక్కదు, వెనక్కి తిప్పి లాగాలి. అందుకని సగం దారిలో, కుడి వరసలోని వెంకటవ్వ అరుగు ముందు ఆగి, అక్కడే బండిని గుండ్రంగా తిప్పేవాడు. ఏళ్ల తరబడి అదే చోట, అదే తిప్పుడు. ఆలోచించే పనే లేదు, ఆ చోటు రాగానే చేతులు వాటంతటవే తిప్పేవి.

బీము వస్తోందంటే గల్లీ అంతా పక్కకు జరిగేది. పడుగును నేల మీద పెట్టరు, పడుగును ఎవరూ దాటరు. ఊళ్లో మగ్గాల నాటి నుంచి వచ్చిన పట్టింపు అది, సూరత్ రైలెక్కినా వదల్లేదు. ఎవడైనా పిల్లవాడు మరిచిపోయి కాలు ఎత్తాడంటే వెంకటవ్వ అరుగు మీది నుంచి కేక వేసేది.

"ఏయ్ పొల్లగా! పడుగు దాటుతున్నవా? మీ తాత సూస్తె కాళ్లిరగ్గొడుతుండె. ముట్టు, కండ్లకద్దుకో!"

పక్క గల్లీలోని ఒడియా పిల్లలు కూడా కళ్లకద్దుకునేవారు. వెంకటవ్వకు వాళ్ల భాష రాదు, వాళ్లకు వెంకటవ్వ భాష రాదు, భయం మాత్రం బాగా అర్థమయ్యేది.

ఇక ఎలక్షన్ల సంగతి. తేదీ ప్రకటించిన రోజు నుంచి గల్లీ ఇరుకయ్యేది. రెండు వరసల ఇళ్లూ రోజూ కొంచెం కొంచెంగా ఒకదాని వైపు ఒకటి జరిగేవి. గోడలు పగలవు, కుండలు పడవు, పడుకున్నవాళ్లకు మెలకువ రాదు. తెల్లారి చూస్తే గల్లీలో నిన్న పట్టిన మంచం ఈరోజు పట్టదు. పాలబండి గుజరాతీ కాకా గల్లీ మొదట్లో ఆగి, "చూంటణీ ఆవీ గఈ" అనుకుంటూ, అంటే ఎలక్షన్లు వచ్చేశాయన్నమాట, క్యాన్లు దించి మోసుకొచ్చేవాడు. మోటారు సైకిళ్లను రోడ్డు మీద పెట్టుకునేవారు. కూరగాయల బండి లోపలికి రాదు. బీములైతే బండి మానేసి, ఇద్దరు మనుషులు ముందొకరు వెనకొకరుగా భుజాల మీద మోసుకెళ్లేవారు.

చివరి రోజుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఏదో ఒక అరుగు ఎక్కి తీరాలి. ఏ అరుగు ఎక్కితే ఆ అరుగు వాళ్లు చాయ్ ఇచ్చి, మెడలో తమ రంగు కండువా వేసేవారు. నడుమ నిలబడితే నలుగుతారని పిల్లలకు ముందే చెప్పేవారు, రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడమని చెప్పినట్టు. ఓట్లు లెక్కపెట్టాక ఇళ్లు మెల్లగా వెనక్కి జరిగేవి, మంచాలు బయటికి వచ్చేవి. మళ్లీ ఐదేళ్ల దాకా ఆ ఊసే ఉండేది కాదు.

ఎడమ వరసలో భాగీరథి ఉండేది. దారాలు కత్తిరించే పని ఆమెది. గుజరాతీ బోర్డులు చదవడం వచ్చు కాబట్టి గల్లీలో ఏ ఆడమనిషి ఆసుపత్రికి వెళ్లాలన్నా ఆమెనే వెంటపెట్టుకు వెళ్లేవారు. అంతకుముందు ఎలక్షన్ల చివరి రోజుల్లో ఆమె భర్త లక్ష్మీరాజానికి గుండెనొప్పి వచ్చింది. అంబులెన్స్ రోడ్డు మీదే ఆగిపోయింది. మనుషులు అతన్ని దుప్పట్లో వేసుకుని, పక్కకు తిరిగి, ఈ అరుగూ ఆ అరుగూ ఎక్కి దిగుతూ మోసుకెళ్లారు. రోడ్డు చేరేసరికి ప్రాణం లేదు. రెండు పార్టీల వాళ్లూ దండలు తెచ్చారు, గల్లీ ఆ కొస నుంచి ఒకరు, ఈ కొస నుంచి ఒకరు. మళ్లీ తేదీ ప్రకటించాక భాగీరథి, కార్పొరేటర్‌గా నేను నిలబడుతున్నాను అంది.

ఆ మాట చాయ్ బండి దగ్గరికి చేరింది.

"విన్నవా బావా? మా వరస భాగీరథి నిలవడుతదట," అన్నాడు నరహరి.

"ఏ పార్టీ?"

"ఏ పార్టీ లేదట."

ఆగయ్య చాయ్‌ని సాసర్‌లో పోసుకుని ఊదుకున్నాడు. "గదెట్ల? పార్టీ లేకుంట నిలవడుడంటె మంచం లేకుంట పండుకున్నట్టే."

వెనక నుంచి భాగీరథి గొంతు వినిపించింది. పాలపాకెట్ కోసం వచ్చిందామె. "కింద పండుకున్నోడు మంచం మీది నుంచి పడడు గద అన్నా!"

చాయ్ పోసేవాడు నవ్వు ఆపుకోవడానికి పొయ్యి ఊదాడు, అది గ్యాసు పొయ్యి అని మరిచిపోయి.

"ఆగం గాకు చెల్లె," అన్నాడు ఆగయ్య. "నీకేసిన ఓటు ఖరాబే గద. నువ్వు గెలువవు. నడుమల మా ఓట్లు చీలి వాళ్లు గెలుస్తరు."

"మా ఓట్లు చీలి వీళ్లు గెలుస్తరు," అన్నాడు నరహరి.

"ఇద్దరియి చీలిస్తె ఇద్దరు ఓడాలె గద?" అంది భాగీరథి. "నేను ఎక్కువ అడుగుతలేనన్నా. కార్పొరేషన్ ఎలక్షన్ల మనిషికి నాలుగు ఓట్లు. మూడు మీ ఇష్టం, గొడుక్కు ఏసుకోండ్రి, నిచ్చెనకు ఏసుకోండ్రి. ఒక్కటి నాకు."

"పార్టీ నలుగురిని నిలవెడుతది. నలుగురు కలిసి ఒక్క కట్ట. ఒక్క పుల్ల గుంజితె కట్టంత ఊడుతది," అన్నాడు నరహరి.

"ఒక్క పుల్లకే ఊడితె తాడు మంచిది గాదన్నట్టు," అని భాగీరథి పాలపాకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

ఎలక్షన్ గుర్తుగా ఆమెకు కత్తెర ఇచ్చారు. పోస్టర్లు వేయలేదు, మైకు పెట్టలేదు. మెడలో కత్తెర వేసుకుని, రోజురోజుకూ సన్నబడుతున్న గల్లీ నడుమ ఒక్కతే నడుస్తూ అడిగేది, ఏ అరుగూ ఎక్కకుండా. మెడలో కత్తెర ఉన్నవాళ్లంతా ఆమె మనుషులేమోనని నరహరి అనుచరులు మొదటి రోజు లెక్కలు తీశారు. చూస్తే నరహరి పెళ్లాం మెడలోనూ ఉంది. లెక్క అక్కడితో ఆపేశారు.

ముత్యానికి ఆమెతో నడవాలని ఉండేది. అతని చిన్న బిడ్డకు డెంగీ వచ్చినప్పుడు ఆసుపత్రిలో అతని పెళ్లాం సంతోషి పక్కన కూర్చుని, డాక్టర్లతో గుజరాతీలో కొట్లాడి, బిడ్డను ఇంటికి తెచ్చింది భాగీరథి. కానీ ముత్యాన్ని సిరిసిల్ల పక్క ఊరి నుంచి సూరత్ తెచ్చింది నరహరి. సేఠ్‌తో చెప్పి ఠేలా ఇప్పించిందీ, ఎడమ వరసలో గది చూపించిందీ నరహరే. ఆ చేత్తోనే ఆ రెండూ తీసేసుకోగలడు. ఠేలా లేని ముత్యానికి సూరత్‌లో రేపు లేదు. పిల్లల బడి మధ్యలో ఆపి ఊరి బస్సెక్కడమే.

ఒక ఆదివారం గొడుగు పార్టీ వాళ్లు ఎడమ వరసనంతా బస్సులో డుమస్ సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లారు. ప్రతి ఎలక్షన్‌కూ తీసుకెళ్లేవారు, కుడి వరసకు మరో ఆదివారం. పిల్లలు నల్లటి ఇసుకలో పరుగెత్తుతుంటే ముత్యమూ సంతోషీ టమాటా బజ్జీలు తింటూ కూర్చున్నారు.

"దర్యా ఎంత వెడల్పున్నది," అంది సంతోషి. "మన గల్లీల మనిషి పడుతలేడు."

"ఏమంటున్నవే?"

"ఏమంటలేను. బజ్జి తిను." కొంచెం ఆగి మళ్లీ అంది. "అక్క ఒక్కతే నడుస్తున్నది. సూస్తున్నవా?"

"సూస్తున్న. నేను నడిస్తె ఠేలా పోతది, గది పోతది."

"నడువకుంటె?"

"ఏం పోదు."

"ఏం పోదా?"

ముత్యం ఇసుకలో ఆడుతున్న పిల్లల వైపు చూశాడు. చేతిలో బజ్జీ చల్లారిపోయింది. అప్పుడే నరహరి వచ్చి వాళ్ల పక్కన ఇసుకలో కూర్చున్నాడు, చెప్పులు పక్కన పెట్టుకుని, నవ్వుతూ.

"ముత్యం, మంగళారం మన జులూస్. జెండా పట్టుకొని నువ్వే ముంగట నడువాలె. ఎడమ వరస కలిసే ఉన్నదని అందరు సూడాలె."

"ఠేలా పని ఉంటది కాకా."

"ఠేలా ఎవరిప్పిచ్చిండ్రో యాదికున్నదా?" నవ్వు తగ్గలేదు. "నువ్వు ఆమె దిక్కు సూసుడు నేను సూస్తున్న. ఓటు లోపట ఎట్లనన్న ఎయ్యి, నాకు కనవడది. కాని నడుమల నిలవడితె కనవడుతది. తినుండ్రి, తినుండ్రి. ఇంకో ప్లేట్ చెప్పన్నా?"

మంగళవారం వచ్చింది. మధ్యాహ్నం రోడ్డు వైపు నుంచి గొడుగు జులూస్, కార్ఖానా వైపు నుంచి నిచ్చెన జులూస్ రావాలి. జనమంతా అరుగుల మీద ఉన్నారు. సరిగ్గా అప్పుడే భేస్తాన్ నుంచి టెంపో ఒక బీమును దించి వెళ్లిపోయింది. సాంచ ఖాళీగా ఉంది, వెంటనే తీసుకురమ్మని సేఠ్ ఫోను. భుజం కలపడానికి రెండో మనిషి దొరకలేదు. అందరి మెడలోనూ కండువాలు ఉన్నాయి, అందరూ ఏదో ఒక జులూస్ మనుషులే. బండి నిలువుగా పట్టేంత సందు ఇంకా ఉంది కదా అని ముత్యం బీమును ఠేలా మీద పెట్టుకుని ఒక్కడే బయలుదేరాడు. బీము దించి వచ్చి జెండా పట్టుకోవాలి. పట్టుకోవాలా? పట్టుకోకపోతే? ఆ ఆలోచనలోనే తోసుకుంటూ పోయాడు.

వెంకటవ్వ అరుగు ముందుకు రాగానే చేతులు బండిని తిప్పాయి.

బీము అడ్డం తిరిగిన ఆ క్షణంలోనే గల్లీ ఇంకాస్త దగ్గరికి జరిగింది. బీము ఒక కొస ఎడమ వైపు నరహరి అరుగుకు, రెండో కొస కుడి వైపు వెంకటవ్వ అరుగుకు తగిలి బిగుసుకుపోయింది. ఠేలా చక్రం అరుగు వారనున్న మురుగు మోరీలో పడి బండి పక్కకు ఒరిగింది. కింద నల్లటి మోరీ నీళ్లు, పైన తెల్లటి పడుగు. ముత్యం గబుక్కున బీము కింద భుజం పెట్టాడు.

"ఓ ముత్యం! ఏం జేసినవురా!" వెంకటవ్వ నెత్తి కొట్టుకుంది. "ఎలక్షన్ల యాళ్ల ఎవడన్న బండి తిప్పుతడా?"

"చేతులు తిప్పినయే అవ్వా!"

అరుగుల మీద నుంచి చూసేవారే గానీ దిగేవారు లేరు. నడుమ నుంచి నడుస్తూ వస్తున్న భాగీరథి వంగి, జారుతున్న రెండో కొస కింద తన భుజం పెట్టింది.

"తమ్మీ, ఇడువకు."

"ఇడువ అక్కా. పడుగు తడువద్దు."

రెండు వైపుల నుంచీ డప్పులు దగ్గరయ్యాయి. రోడ్డు వైపు డప్పులవాళ్లు కిరాయికి వచ్చినవాళ్లు, నేతపని తెలియదు. ముందున్నవాడు బీము మీదుగా దాటబోయి కాలెత్తాడు.

"ఏయ్! పడుగు!"

ఎడమ వరసా కుడి వరసా ఒక్క గొంతుతో అరిచాయి. ఆ గల్లీలో రెండు వరసలూ కలిసి ఒకే నినాదం ఇవ్వడం అదే మొదటిసారి. డప్పులవాడు ఎత్తిన కాలు దించి, ఎందుకో తెలియకపోయినా కళ్లకద్దుకున్నాడు. రెండు జులూస్‌లూ రెండు పక్కలా ఆగిపోయాయి.

నరహరి అరుగుల మీదుగా నడుచుకుంటూ తన అరుగు మీదికి వచ్చాడు. అటువైపు వెంకటవ్వ అరుగు మీదికి ఆగయ్య వచ్చాడు.

"భాగీరథీ, నీ గుర్తు కత్తెరే గద," అన్నాడు నరహరి. "కొయ్యి పడుగును. పోగులు తీసి పారేస్తె ఇనుప గొట్టం ఎట్లనన్న గుంజుకుంటం. జులూస్ పోవాలె."

"కత్తెర వేలాడే పోగు కోసం అన్నా. బాగున్న పడుగు కొయ్యనీకి గాదు," అంది భాగీరథి భుజం కదపకుండా. "నువ్వు కొయ్యగలుగుతవా? ఇగో, మెడలనే ఉన్నది. తీసుకో."

నరహరి తీసుకోలేదు. అతనూ సాంచ నడిపినవాడే. గొంతు తగ్గించి ముత్యం వైపు వంగాడు.

"ముత్యం, నువ్వేం జెయ్యకు. ఒక్క మాట అను చాలు. పొరపాటున ఇరుక్కున్న, ఆమెకు నాకు సంబంధం లేదు అను. మనోళ్లు దిగుతరు, లేపుతరు. అందరు ఇంటున్నరు. అను."

నిజంగానే అందరూ వింటున్నారు. కార్ఖానా సాంచాల చప్పుడు తప్ప మరే చప్పుడూ లేదు. రెండు అరుగులూ రెండు వైపుల నుంచీ నొక్కుతుంటే బీము ఇనుము కిరకిరమంది. ముత్యం తల తిప్పి చూశాడు. సంతోషి తమ గది ముందు అరుగు మీద నిలబడి ఉంది. ఏ సైగా చేయలేదు. ఊరికే చూస్తోంది, డుమస్‌లో చూసినట్టు.

"ఇరుక్కున్నది పొరపాటే కాకా," అన్నాడు ముత్యం. "నిలవడ్డది పొరపాటు గాదు."

"ఏందీ?"

"నాకు నాలుగు ఓట్లున్నయి. మూడు నువ్వు చెప్పినోళ్లకే ఏస్త. ఒకటి అక్కది. లోపట ఒక తీరు, బయట ఒక తీరు నాతోని గాదు. గిదే మాట."

నరహరి ముఖం మీద నవ్వు పోయింది. "ఠేలా..."

"ఇచ్చింది నువ్వే. తీసుకుంటె తీసుకో. ఈ బీమైతె దించనీయి."

సంతోషి అరుగు దిగింది. ఎలక్షన్ల చివరి రోజుల్లో ఎవరూ దిగని నడుమలోకి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని దిగి, మొగుడి పక్కన భుజం పెట్టింది. గల్లీ ఆమె పట్టేంత వెడల్పయింది. సరిగ్గా ఆమె పట్టేంతే.

కుడి వరస నుంచి కమలాకర్ దిగాడు. రాత్రి పాళీ చేసి పడుకుని అప్పుడే లేచాడు, చెవుల్లో దూది ఇంకా అలాగే ఉంది. "ఎవరు ఏమన్నరో నాకైతె వినవడలే. పడుగు జారుతున్నది గద, పట్టుండ్రి," అని చేయి వేశాడు. గల్లీ ఇంకొంచెం వెడల్పయింది. ఎడమ నుంచి ఒకరు, కుడి నుంచి ఇద్దరు. రాళ్లు అంటించే ఆడవాళ్లు జిగురు వేళ్లతోనే దిగారు. వెంకటవ్వ ఇద్దరిని పట్టుకుని మెట్టు దిగి, "జరుగుండ్రి, నాకు జాగియ్యుండ్రి," అని ఒక్క వేలు బీముకు ఆనించింది. దిగిన ప్రతి మనిషికీ ఆ మనిషికి సరిపడా చోటు వచ్చింది.

కానీ చోటు వచ్చేసరికి బీము పట్టు వదిలింది. ఇంతసేపూ బిగించి పట్టిన అరుగులు వెనక్కి జరగడంతో ఇనుము బరువంతా ఒక్కసారిగా భుజాల మీద పడింది. నరహరి అరుగు వైపు కొస మోరీ మీదికి జారింది. తెల్లటి పోగులు నల్లటి నీళ్లకు జానెడు దూరంలోకి వచ్చాయి.

"ఓరి, పడుగు!" అని నరహరి దూకాడు. ఎంత ఆలోచించకుండా దూకాడంటే, అతని చెప్పులు రెండూ అరుగు మీదే ఉండిపోయాయి. మెడలోని గొడుగు కండువా లాగి పడుగు కింద పరిచి, రెండు చేతులతో కొస ఎత్తి పట్టుకున్నాడు. అటు కొస దగ్గర ఆగయ్య మోకాళ్లదాకా మోరీలో నిలబడి ఉన్నాడు, నిచ్చెన కండువా బీముకు చుట్టి.

"అందరు ఇనుండ్రి," అన్నాడు నరహరి రొప్పుతూ. "ఇది ఓటు గాదు. పడుగు."

"ఎవరు కాదన్నరన్నా?" అంది భాగీరథి. "జర పైకి లేపు. నీ దిక్కు వంగింది."

అందరూ కలిసి బీమును మోసుకుపోతుంటే ముందు ముందుకు గల్లీ విచ్చుకుంటూ పోయింది. వెనక డప్పులవాళ్లు కాసేపు చూసి, కిరాయి తీసుకున్నాం కదా అని కొట్టడం మొదలుపెట్టారు. రోడ్డు మీద పోయేవాళ్లు ఎవరిదో పెళ్లి అనుకున్నారు.

భాగీరథి గెలిచిందా అని అడుగుతారు. గెలిచిందని చెబితే మీకు బాగుంటుంది, కానీ గెలవలేదు. మూడో స్థానం వచ్చింది. వార్డంటే మన గల్లీ ఒక్కటే కాదు. అయితే మన గల్లీ వాళ్లు ఓటు వేసిన చోట కత్తెరకు పడ్డన్ని ఓట్లు విని, నరహరీ ఆగయ్యా ఒకే చాయ్‌ను తాగడం మరిచి ఇద్దరూ కలిసి చల్లారబెట్టుకున్నారు.

నరహరి మాట తప్పే మనిషి కాదు. ఓట్లు లెక్కపెట్టిన మర్నాడే ముత్యం దగ్గర ఠేలా తీసేసుకుని ఇంకొకడికి ఇప్పించాడు. కోపంగా కాదు, చెప్పాను కాబట్టి చేస్తున్నాను అన్నట్టు. గది ఖాళీ చేయడానికి నెలాఖరు దాకా గడువిచ్చాడు. సంతోషి గిన్నెలు గోనెసంచిలో సర్దింది. పిల్లల బడి పుస్తకాలను మాత్రం చివరి దాకా బయటే ఉంచింది.

కొత్తవాడు బీము పెట్టుకుని గల్లీ మొదట్లోకి వచ్చాడు. గల్లీ ఇరుగ్గా ఉంది. పోలింగ్ ముందు రోజుల్లో ఉన్నట్టే ఉంది, బండి దూరలేదు. పక్క నుంచే భాగీరథి రెండు చేతుల్లో రెండు బిందెలతో చేతులు చాపి నడిచిపోయింది, ఆమెకు బోలెడంత చోటు. కమలాకర్ సైకిలు తోసుకుంటూ వెళ్లిపోయాడు. కొత్తవాడు తోశాడు, లాగాడు, బండిని అడ్డం పెట్టాడు, నిలువు పెట్టాడు. కార్ఖానా నుంచి సేఠ్ ఫోను మీద ఫోను చేశాడు. మధ్యాహ్నం దాకా చూసి నరహరి ముత్యం గదికి వచ్చాడు. గుమ్మంలో కట్టిన గోనెసంచులు చూశాడు.

"ముత్యం, రా. ఠేలా పట్టు."

"నేను మీ వరస గాదు గద కాకా ఇప్పుడు."

"నీకు ఏ వరస లేదు పో! అదే నీ రోగం," అన్నాడు నరహరి. తర్వాత మెల్లగా, "రారా. పడుగు ఎండల ఉన్నది," అన్నాడు.

ముత్యం వెళ్లి ఠేలా కొయ్య మీద చేయి వేశాడు. గల్లీ విచ్చుకుంది. వెంకటవ్వ అరుగు ముందుకు రాగానే చేతులు బండిని తిప్పాయి, అది హాయిగా గుండ్రంగా తిరిగింది. సంతోషి గిన్నెలు మళ్లీ గూట్లో సర్దింది. ఠేలా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, గది మాటా ఎత్తలేదు.

ఆ తర్వాతి ఎలక్షన్లకు గల్లీ నాలుగు బీముల పొడవుకన్నా ఇరుకు కాలేదు. వెనక్కి జరిగిన ఇళ్లు చాలావరకు అక్కడే నిలిచాయి. ఆ ఎలక్షన్ల నడుమే ఆగయ్యకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్స్ అతని గుమ్మం దాకా వచ్చి, అక్కడే తిరిగి, అతన్ని ఎక్కించుకుని వెళ్లింది. వెంట కూర్చున్నది భాగీరథే. ఆసుపత్రిలో బోర్డులు చదవాలి కదా. ఆగయ్య ఇంటికి వచ్చాక చాయ్ బండి దగ్గర ఎవరో అడిగితే, "నేను నిచ్చెనే. మూడు నిచ్చెనకే," అన్నాడు. నాలుగోది ఎవరికని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మళ్లీ తేదీ దగ్గరపడింది. భాగీరథి మళ్లీ నిలబడుతోంది, మోకాళ్ల నొప్పితో కాస్త మెల్లగా నడుస్తోంది అంతే. ఈసారి ఆమె పక్కన నడిచేవాళ్లు ఉన్నారు. మీరు పెద్దవాళ్లవుతారు, మీ చేతికీ నాలుగు ఓట్లు వస్తాయి. ఏ వరస అని మిమ్మల్ని అడుగుతారు. రెండే అరుగులున్నాయని, నడుమ నిలబడితే నలుగుతారని మంచి మనుషులే, మీ మేలు కోరే చెబుతారు. నేను కూడా భయంతో ఏదో ఒక రోజు అలా చెప్పవచ్చు. అప్పుడు నాకే ఈ కథ చెప్పండి.

ముందు తిన్న కంచం కడిగి పెట్టండి. రేపు ఆటకు వెళ్లినప్పుడు పక్క గల్లీ పిల్లలకు చెప్పండి. తెలుగు రాని వాళ్లకు హిందీలో చెప్పండి, గుజరాతీలో చెప్పండి. పడుగు అన్న మాటను మాత్రం పడుగు అనే చెప్పండి, అర్థం కాకపోతే కార్ఖానా దాకా తీసుకెళ్లి చూపించండి. వాళ్లను వాళ్ల తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పమనండి. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఏ అరుగు మీదా కూర్చుని చెప్పకండి, గల్లీ నడుమ నిలబడి చెప్పండి. చోటు దానంతటదే వస్తుంది.